ఒళ్లో బిడ్డతో ప్రయాణం

శ్రోతలకు నమస్కారం.

పసిబిడ్డతో ప్రయాణం అనగానే ఇంట్లో అందరూ ముందు సామాను గురించే మాట్లాడుకుంటారు. డైపర్లు ఎన్ని, బట్టలు ఎన్ని జతలు, పాలసీసాలు ఎన్ని... ఆ లెక్కలు ఎలాగూ తప్పవు. అయితే ఒక జత బట్టలు మరిచిపోయినా ఎలాగోలా సర్దుకోవచ్చు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒడి గురించి. అమ్మదైనా, నాన్నదైనా, అమ్మమ్మదైనా సరే. ప్రయాణంలో బిడ్డకు ఆ ఒడి ఎక్కడ కావాలో, ఎక్కడ చాలదో పెద్దవాళ్లు ముందే తెలుసుకోవాలి.

విమానం సంగతి చూద్దాం. అప్పటిదాకా ఆడుకుంటున్న బిడ్డ, విమానం కిందికి దిగడం మొదలవగానే ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తుంది. చెవి పట్టుకుని లాక్కుంటుంది. ఏమైందోనని తల్లి కంగారుపడుతుంది. మన చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పసిపిల్లల్లో అది మరీ ఇరుకు. పైకి వెళ్లేటప్పుడు చెవిలోని గాలి దాని గుండా కాస్త సులువుగానే బయటికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి పోవాలంటే ఆ గొట్టం తెరుచుకోవాలి. గుటక వేస్తే తెరుచుకుంటుంది. మనం ఆవలిస్తాం, గుటకలు వేస్తాం. బిడ్డకు ఆ సంగతి తెలియదు కదా! అందుకే ఆ సమయంలో ఒళ్లో పెట్టుకుని పాలు తాగించాలి. చక్రాలు నేలను తాకడానికి సుమారు అరగంట ముందే విమానం దిగడం మొదలుపెడుతుంది. కాబట్టి ఎక్కగానే కడుపు నిండా పట్టేయకుండా, దిగే వేళకు ఆకలి ఉండేలా చూసుకోండి. బిడ్డకు జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసి ఉంటే చెవినొప్పి ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు బయల్దేరే ముందే డాక్టరును అడగడం మంచిది.

ఇక కారు. ఇక్కడ మాత్రం నేను గట్టిగానే చెబుతాను. నడుస్తున్న కారులో ఒడి క్షేమం కాదు. 'నేను గట్టిగా పట్టుకుంటానులే' అనే మాట చాలామంది నోట వింటాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే, 7 కిలోల బిడ్డను ఆపడానికి కావలసిన బలం సుమారు 100 కిలోల బరువును పట్టుకోవడంతో సమానం. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. అది కూడా కన్ను మూసి తెరిచేలోపు. ఎంత ప్రేమ ఉన్నా చేతులు ఆ బరువును ఆపలేవు. పైగా వెనక నుంచి పెద్దవాళ్ల బరువు బిడ్డ మీద పడుతుంది.

దీనికి ఉన్న మార్గం పిల్లల కారు సీటు. దాన్ని వెనక వరుసలో, బిడ్డ ముఖం కారు వెనక్కి ఉండేలా బిగించాలి. పసిబిడ్డ తల, శరీరంతో పోలిస్తే చాలా పెద్దది. మెడ ఇంకా లేతది. బిడ్డ వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ తాకిడి మెడ ఒక్కదాని మీదే పడకుండా వీపంతా పరుచుకుంటుంది. ముందు సీటులో, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఆ సీటును ఎప్పుడూ పెట్టకూడదు. బెల్టులు బిడ్డ ఒంటికి అతుక్కుని ఉండాలి. దళసరి స్వెట్టరు తొడిగి ఆపైన బెల్టు వేస్తే బిగించినట్టే కనిపిస్తుంది గానీ లోపల వదులుగా ఉంటుంది. బెల్టు వేశాకే పైన దుప్పటి కప్పండి.

సీటులో పెట్టాం కదా అని గంటల తరబడి అలాగే ఉంచేయకూడదు. నిద్రలో తల ముందుకు వాలిపోతే చిన్నబిడ్డకు ఊపిరి ఆడకపోవచ్చు. అందుకే రెండు గంటలకోసారైనా కారు ఆపి బయటికి తీయండి. అప్పుడు కావలసింది ఒడే. డైపరు మార్చి, పాలిచ్చి, కాసేపు ఎత్తుకుని తిప్పితే బిడ్డ మళ్లీ కుదుటపడుతుంది. ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైతే అవనివ్వండి.

నిద్రపోతోంది కదా అని బిడ్డను ఆగిన కారులో ఒంటరిగా వదిలి ఒక్క నిమిషం కూడా వెళ్లకండి. ఎండలో ఆగిన కారులో పది నిమిషాల్లోనే వేడి 10 డిగ్రీల దాకా పెరుగుతుంది. కిటికీ కాస్త దించినా పెద్దగా ఉపయోగం లేదు. పసివాళ్ల ఒళ్లు మనకంటే చాలా త్వరగా వేడెక్కిపోతుంది.

పాల విషయం కాస్త సులువే. పిండి ఉంచిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు వేడిలో 4 గంటలు, ఐసు ప్యాక్‌లు పెట్టిన కూలర్ సంచిలో 24 గంటలు నిలవుంటాయి. పాలపొడి ముందే కలిపి పెట్టుకోకుండా అవసరమైనప్పుడే కలపండి. ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలమైనా మంచినీళ్లు పట్టనక్కర్లేదు, పాలే ఇంకాస్త తరచుగా ఇవ్వండి. డైపరు గంటల తరబడి తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మాడు లోపలికి దిగినట్టు కనిపించినా ప్రయాణం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూడు నెలలైనా నిండని బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 100.4 ఫారన్‌హీట్‌కు చేరినా అంతే, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.

చివరగా, తోటి ప్రయాణికులకు ఒక మాట. పక్క సీటులో పసిబిడ్డ ఏడుస్తుంటే ఆ తల్లి అప్పటికే పది రకాలుగా సముదాయించి ఉంటుంది. ముఖం చిట్లించకండి. చేతిలో సంచి ఉంటే అందుకోండి, నిలబడి ఉంటే కాస్త చోటివ్వండి. ఆమె తీరిగ్గా కూర్చుని బిడ్డను ఒళ్లోకి తీసుకోగలిగితే ఆ ఏడుపు కూడా త్వరగానే సద్దుమణుగుతుంది.

నమస్కారం.