నల్ల తెర వెనక కెర్నల్ ఏం చెబుతోంది?

అందరికీ నమస్కారం. బూట్ మొదట్లోనే లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రధాన భాగం) ఆగిపోతే మనకు కనిపించేది నల్ల తెర ఒక్కటే. కెర్నల్ ఏమీ చెప్పలేదని విసుక్కుంటాం. నిజానికి చాలాసార్లు అది చెప్పే ఉంటుంది. కెర్నల్‌లో సందేశాలు రాసే ప్రింట్‌కే ఫంక్షన్ ఇచ్చిన సందేశం ముందు మెమరీలోని లాగ్ బఫర్‌లో చేరుతుంది. దాన్ని బయటికి పంపాల్సిన కన్సోల్ డ్రైవర్ మాత్రం ఇంకా సిద్ధమై ఉండదు. ఈలోగా కెర్నల్ ఆగిందంటే ఆ సందేశాలు అక్కడే ఉండిపోతాయి.

ఎర్లీకాన్ అనే బూట్ ఆప్షన్ ఉన్నది ఇందుకే. అసలు డ్రైవర్ వచ్చేదాకా ఆగకుండా, ఇంటరప్ట్‌లతో పని లేకుండా, ఒక్కో అక్షరాన్నీ సీరియల్ పోర్ట్ రిజిస్టర్‌లో నేరుగా రాసేస్తుంది. సీరియల్ పోర్టే లేని ల్యాప్‌టాప్ అయితే ఈఎఫ్ఐ ఫ్రేమ్‌బఫర్ మీద, అంటే ఫర్మ్‌వేర్ సిద్ధం చేసి పెట్టిన తెర మెమరీ మీద రాయించుకోవచ్చు.

సరే, సందేశం బయటికొచ్చింది. చదివితే ఏమైనా అర్థమవుతుందా? రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన ఫైల్ సిస్టమ్) మౌంట్ కాలేదని చెప్పే పానిక్‌లో, అంటే ఇక ముందుకు పోలేక కెర్నల్ ఆగిపోతూ ఇచ్చే సందేశంలో, 'అన్‌నోన్ బ్లాక్ (0,0)' అని ఉంటుంది. ఆ రెండు సున్నాలకు అర్థం, మీరిచ్చిన పేరుతో ఏ డివైసూ దొరకలేదని. అక్కడ (8,1) ఉంటే సాధారణంగా డిస్క్ దొరికింది, ఫైల్ సిస్టమే మౌంట్ కాలేదు. రెండూ పూర్తిగా వేరే సమస్యలు. ఆ తేడాని రెండు అంకెల్లో దాచేస్తే కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుంది? దొరికిన పార్టిషన్ల జాబితా కూడా ఇస్తుంది చూడండి, అది మాత్రం మంచి పని. జాబితా ఖాళీగా ఉందంటే ముందు స్టోరేజ్ డ్రైవర్‌నే అనుమానించాలి.

ఇంతకంటే చిరాకు పెట్టేది డిఫర్డ్ ప్రోబ్, అంటే కావాల్సింది ఇంకా రాలేదని డ్రైవర్ తన పనిని వాయిదా వేసుకోవడం. డిస్క్ డ్రైవర్ ఏ క్లాక్ కోసమో, విద్యుత్ సరఫరా చూసే రెగ్యులేటర్ కోసమో ఆగాల్సి వస్తే, తర్వాత మళ్లీ ప్రయత్నించమనే అర్థంలో -517 తిరిగిస్తుంది. మామూలుగా అది తప్పు కాదు కాబట్టి సందేశం ఉండదు. ఆ రెగ్యులేటర్ డ్రైవర్ ఎప్పటికీ రాకపోతే? రూట్ డివైస్ వచ్చేదాకా ఆగమనే రూట్‌వెయిట్ ఆప్షన్ ఇచ్చి ఉంటే, రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నానని ఒక్క ముక్క చెప్పి కెర్నల్ అలాగే కూర్చుంటుంది. ఎవరు దేనికోసం ఆగారో కెర్నల్ లోపలి వివరాలు చూపే డీబగ్ఎఫ్ఎస్‌లో చూడొచ్చట. చూడాలంటే ముందు బూట్ అవ్వాలి కదా!

అందుకే డ్రైవర్లు రాసేవాళ్లు ఉత్త -517 తిరిగివ్వకండి. 'డెవ్ ఎర్ర్ ప్రోబ్' ఫంక్షన్ వాడి, ఏది దొరకలేదో పేరుతో సహా రాయండి. కెర్నల్ ఆ కారణాన్ని దాచుకుంటుంది. కొత్త కెర్నల్‌లలో ఈ వాయిదాలకు పెట్టిన గడువు తీరాక లాగ్‌లోనూ చూపిస్తుంది. మిగతా చోట్ల -19 లాంటి అంకెను కాకుండా ఎర్రర్ పేరునే ముద్రించే ఫార్మాట్ వాడండి.

ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేముందు ఒక పని చేయండి. కెర్నల్ కాన్ఫిగ్‌లో ఏదో ఒక డ్రైవర్ తీసేసి, ఎర్లీకాన్ పెట్టి బూట్ చేయండి. వచ్చిన లాగ్‌ను ఆ సంగతి తెలియని సహోద్యోగికి చూపించండి. తీసేసింది ఏదో లాగ్ చదివి చెప్పగలిగితే, అప్పుడు పంపండి.