బోల్ట్ తొమ్మిదో స్వర్ణం: దొరకనివాడిని అనుమానించడం న్యాయమేనా?

యాంకర్: 2009 ఆగస్టు 16, బెర్లిన్. జమైకా పరుగు వీరుడు ఉసేన్ బోల్ట్ వంద మీటర్లను 9.58 సెకన్లలో ముగించాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఏ డోపింగ్ పరీక్షలోనూ ఆయన దొరకలేదు. అయినా జనానికి అనుమానం ఎందుకు?

జర్నలిస్ట్: ఆయన పక్క లేన్లలో ఎవరున్నారో చూడండి. టైసన్ గే, జస్టిన్ గాట్లిన్, అసఫా పావెల్, యోహాన్ బ్లేక్... అందరూ ఎప్పుడో ఒకప్పుడు డోపింగ్ కేసులో నిషేధం పడ్డవాళ్లే. వాళ్లందరినీ ఏ మందూ వాడకుండా ఓడించాడంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. పైగా 1988 సియోల్ ఒలింపిక్స్‌ను ఎవరు మర్చిపోతారు? వంద మీటర్లను 9.79 సెకన్లలో గెలిచిన బెన్ జాన్సన్ స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్‌తో పట్టుబడి మూడు రోజుల్లోనే పతకం పోగొట్టుకున్నాడు.

కోచ్: నేను ఒప్పుకోనండీ. పక్కింటివాడు దొంగతనం చేస్తే నన్ను స్టేషన్‌కు పిలుస్తారా? బోల్ట్ 2002లో, 15 ఏళ్లకే, కింగ్‌స్టన్‌లో 200 మీటర్ల జూనియర్ ప్రపంచ విజేత. 17 ఏళ్లకు అదే 200 మీటర్లు 19.93 సెకన్లలో. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, వంద మీటర్లను దాదాపు 41 అంగల్లో దాటేస్తాడు. మిగతావాళ్లకు ఇంకో మూడు నాలుగు పడతాయి.

డాక్టర్: ప్రతిభ ఉందంటే మందు వాడలేదని కాదు కదా. అమెరికా పరుగు రాణి మేరియన్ జోన్స్‌కూ చిన్నప్పటి నుంచే ప్రతిభ ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అయిదు పతకాలు గెలిచినప్పుడు పరీక్షల్లో దొరకలేదు, 2007లో తనే ఒప్పుకుంది. టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్‌నైతే 2003లో ఒక కోచ్ ఆ మందున్న సిరంజి పంపేదాకా ల్యాబులు పసిగట్టలేకపోయాయి. అందుకే నేను అడిగేది ఒకటే: చెప్పాపెట్టకుండా ఎన్నిసార్లు శాంపిల్ తీసుకున్నారు? 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు నెలల్లో జమైకా డోపింగ్ నిరోధక సంస్థ అలాంటి పరీక్షలు దాదాపు చేయనే లేదు. ఆ సంస్థ మాజీ అధిపతే 2013లో బయటపెట్టారు.

కోచ్: అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య విడిగా చేసింది కదా.

డాక్టర్: చేసింది, కాదనను. కానీ సొంత దేశం తన పని మానేస్తే ఆ మచ్చ నిజాయతీగా పరుగెత్తినవాడి మీదే పడుతుంది. నా కోపం బోల్ట్ మీద కాదు, వాళ్ల మీద.

యాంకర్: మరి రిలే పతకం సంగతి?

జర్నలిస్ట్: 2008 బీజింగ్, 4×100 రిలే. మొదటి అంచె నెస్టా కార్టర్, మూడో అంచె బోల్ట్. దాచిన శాంపిళ్లను 2016లో మళ్లీ పరీక్షిస్తే కార్టర్ దొరికాడు. 2017 జనవరిలో జట్టు మొత్తం స్వర్ణం కోల్పోయింది. బోల్ట్‌కు తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు కాస్తా ఎనిమిదయ్యాయి.

కోచ్: తన తప్పు లేకుండా పోయింది! ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

డాక్టర్: మరి ట్రినిడాడ్ కుర్రాళ్లో సార్? రెండో స్థానంలో వచ్చిన వాళ్లకు బీజింగ్‌లోనే అందాల్సిన స్వర్ణం అది.

కోచ్: అదీ నిజమే. అందుకే శాంపిళ్లను పదేళ్లు దాచాలన్న నిబంధనను నేనూ సమర్థిస్తాను. నా శిష్యుడి పతకం పోయినా సరే, పరీక్షించమనే అంటాను.

యాంకర్: ఫోన్ లైన్లో వరంగల్ నుంచి ఒక పీఈటీ మాస్టారు ఉన్నారు. చెప్పండి సార్.