రిచర్డ్ మోస్: గులాబీ రంగులో కాంగో యుద్ధం

అందరికీ నమస్కారం. ముందు స్క్రీన్ మీద ఈ ఫోటో చూడండి. తుపాకులు పట్టుకున్న సైనికులు, వెనకాల కొండలు. చెట్టూ చేమా గడ్డీ మొత్తం గులాబీ రంగు! ఎడిటింగ్‌లో వేసిన రంగు అనుకునేరు, ఆ ఫిల్మే అలాంటిది.

తీసింది రిచర్డ్ మోస్, ఐర్లండ్ ఫోటోగ్రాఫర్. 2010లో తూర్పు కాంగోకి వెళ్ళాడు. చేతిలో కొడాక్ ఏరోక్రోమ్ ఫిల్మ్, అప్పటికే తయారీ ఆగిపోయింది. అసలది సైన్యం కోసం పుట్టిన ఫిల్మ్. పచ్చటి ఆకు మీద పడ్డ ఇన్‌ఫ్రారెడ్ కాంతి చాలావరకు వెనక్కి వస్తుంది. మన కంటికి ఆనదు గానీ ఈ ఫిల్మ్ మీద ఎర్రగానో గులాబీగానో పడుతుంది. ఆకుపచ్చ రంగేసిన గుడ్డ కప్పుకుంటే ఆ ఎరుపు రాదు. విమానంలోంచి ఫోటో తీస్తే ఆకుల మాటున నక్కినవాడు ఇట్టే దొరికిపోతాడు. లక్షల ప్రాణాలు పోతున్నా లోకం పట్టించుకోని యుద్ధాన్ని మోస్ ఈ ఫిల్మ్‌తో తీశాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

యుద్ధాన్ని ఇంత అందంగా చూపిస్తారా అని తిట్టినవాళ్ళున్నారు. నాకైతే ఆ అందమే గుచ్చుకుంది. అబ్బ, ఏం రంగు అనుకుంటూ దగ్గరికెళ్తాం, తీరా చూస్తే తుపాకీ! మామూలు రంగుల్లో పేపర్లో వచ్చుంటే పేజీ తిప్పేసేవాళ్ళం.

2013లో ఇటలీలో జరిగిన పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో ఐర్లండ్ తరఫున ఈ యుద్ధాన్నే ఆరు తెరల సినిమాగా ప్రదర్శించాడు, పేరు 'ది ఎన్‌క్లేవ్'.

ఆ తర్వాత శరణార్థుల దగ్గరికి వెళ్ళాడు. ఈసారి మిలిటరీ థర్మల్ కెమెరా. 30 కిలోమీటర్ల దూరం నుంచే మనిషి ఒంటి వేడిని పసిగడుతుంది. దాంతో గ్రీస్‌లోని మోరియా శిబిరాన్ని తీశాడు. వందల ఫ్రేములు అతికించిన పెద్ద పెద్ద ఫోటోలు, 2017లో ఫోటోగ్రఫీకి ఇచ్చే ప్రీ పిక్టే అవార్డు కూడా వచ్చింది. సరిహద్దులో కాపలా కాసేవాళ్ళ చూపు ఎలా ఉంటుందో కళ్ళకు కట్టాడు, ఒప్పుకుంటాను. కానీ ఆ బూడిద రంగులో ఎవరి ముఖమూ ఆనవాలు పట్టలేం. వాళ్ళెవరు, ఏ ఊరు విడిచొచ్చారు? పేపర్‌కి పనిచేసే ఫోటోగ్రాఫర్ మొదట అడిగే ప్రశ్నలివి. నాకు ఆ లోటు బాగా తెలిసింది. ఆలోచన గొప్పదే, మనుషులే అందులో చిన్నబోయారు.

కొత్తగా చూసేవాళ్ళు కాంగో ఫోటోలతో మొదలుపెట్టండి. ఫోన్‌లో మాత్రం వద్దు, రంగు ఒక్కటే తెలుస్తుంది. కొండల మధ్య నిలబడ్డ మనుషులు కనబడాలంటే పెద్ద స్క్రీన్ కావాలి.