సర్పంచ్ కుర్చీలో కూర్చునేది ఎవరు?

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈరోజు పంచాయతీల్లో ఆడవాళ్ళ గురించి మాట్లాడుకుందాం, నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలుపెడతా. 1992లో అక్కడ రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు, కూలి డబ్బులన్నీ సారా దుకాణానికే పోతుంటే ఇంకెన్నాళ్ళు ఊరుకుంటారు, ఆ పోరాటం ఊరూరా పాకి వేలంపాటల్నే ఆపేసింది, 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రమంతా సారా బంద్. పదవులు చూసుకుని చేసిన పని కాదది.

అదే 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది, పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి. తర్వాత మన దగ్గర దాన్ని సగం చేశారు.

మరి ఆ కుర్చీలో నిజంగా కూర్చుంటున్నది ఎవరండీ? చాలా ఊళ్ళల్లో "సర్పంచ్ గారు" అని పిలిస్తే పలికేది ఆవిడ భర్తే. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో పెద్దది, మండలాఫీసు మీటింగ్‌కి ఆయనే, కాంట్రాక్టర్‌తో మాట్లాడేది ఆయనే, బిల్లులు చెల్లించే డిజిటల్ కీ కూడా ఆయన జేబులోనే. రేపు లెక్కల్లో తేడా వస్తే నోటీసు మాత్రం ఆవిడ పేరు మీదొస్తుంది, ఆ సంగతి ముందుగా ఆవిడకి ఎవరూ చెప్పరు, నాకు అన్నిటికంటే కోపం వచ్చేది అక్కడే.

"ఆవిడకేం తెలుసండీ" అంటారు. డ్వాక్రా సంఘంలో తీర్మానం రాయించి, బ్యాంకు లోను తెచ్చి, అందరిచేతా వాయిదాలు కట్టించే మనిషికి పంచాయతీ లెక్క అర్థం కాదంటే నేనొప్పుకోను.

ఆవిడ కూర్చుంటే ఏం మారుతుందంటారా? పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్, రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లాల్లో రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు ఆడవాళ్ళకి రిజర్వైన పంచాయతీల్నీ కానివాటినీ పోల్చి చూసి 2004లో అచ్చేశారు, రెండు చోట్లా ఆడవాళ్ళు నడిపిన పంచాయతీలే మంచినీళ్ళకి ఎక్కువ ఖర్చుపెట్టాయి. మరి బిందె మోసేది వాళ్ళే కదా, ఏ వీధికి నీళ్ళు రావట్లేదో వాళ్ళకి ఎవరూ రిపోర్టు ఇవ్వక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 2030కల్లా సాధించాలని పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 5వది స్త్రీ పురుష సమానత్వం, 6వది నీళ్ళు, పారిశుధ్యం. ఊళ్ళోకొచ్చి చూస్తే ఈ రెండూ ఒకే కుళాయి దగ్గర తేలతాయి.

ఇక ఢిల్లీ సంగతి, 2024లో 543 మంది లోక్‌సభ ఎంపీల్లో 74 మందే ఆడవాళ్ళు గెలిచారు. లోక్‌సభ, అసెంబ్లీల్లో ఆడవాళ్ళకి 33 శాతం సీట్లిచ్చే చట్టం 2023లోనే పాసైంది గానీ దాని అమలుని జనగణనకీ నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు.

అందాకా మన ఊరు మన చేతిలోనే ఉంది కదండీ. ఈసారి గ్రామసభ పెట్టినప్పుడు వెళ్ళండి, మైకు సర్పంచ్ అమ్మ చేతికే ఇవ్వమని అడగండి, ఆవిడ బదులు ఆయన లేచి మాట్లాడబోతే కూర్చోమని గట్టిగా చెప్పండి. నమస్కారం.