హింటర్‌ల్యాండ్: దేనికి వెనక?

నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక్క మాట చూద్దాం: హింటర్‌ల్యాండ్. ఇది కనబడగానే మనలో చాలామంది పక్కన 'మారుమూల ప్రాంతం' అని రాసుకుని పేజీ తిప్పేస్తాం. ఆ అర్థం తప్పేమీ కాదు. కానీ ఈ మాట నడిచొచ్చిన దారి తెలిస్తే, 'మారుమూల' అని ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో మీకే తెలిసిపోతుంది.

ముందు మాటను విడగొడదాం. తెర మీద రెండు ముక్కలు చూడండి: హింటర్, లాంట్. జర్మన్‌లో హింటర్ అంటే వెనక. లాంట్ అంటే నేల, ప్రాంతం. రాతలో చివర 'డ' ఉన్నా జర్మన్లు మాట చివర దాన్ని 'ట' లాగా పలుకుతారు. ఇంగ్లీషులోకి వచ్చాక అది హింటర్‌ల్యాండ్ అయింది. రెండూ కలిపితే వెనకనున్న నేల. అంతే. దూరం అని గానీ, అడవి అని గానీ, వెనకబాటు అని గానీ పుట్టుకలో లేదు.

ఈ 'వెనక' దగ్గర కాసేపు ఆగుదాం. నాకు ఈ మాట మీద ఇష్టం పుట్టింది ఇక్కడే. స్విట్జర్లాండ్‌లో రైన్ నది రెండు పాయలుగా పుడుతుంది. ఒకటి ఫోర్డర్‌రైన్, అంటే ముందు రైన్. ఇంకొకటి హింటర్‌రైన్, వెనక రైన్. రెండూ రైఖెనావ్ దగ్గర కలుస్తాయి. అలాగే బాల్టిక్ తీరంలో పొమెరేనియా ఉంది. ఓడర్ నదికి పడమటి భాగం ఫోర్‌పొమ్మెర్న్, తూర్పు భాగం హింటర్‌పొమ్మెర్న్. పడమట నిలబడి చూసేవాళ్ళకు తూర్పు వెనకపడింది. ఆ తూర్పులోనే పుట్టి పెరిగినవాళ్ళకు తమ ఊరు దేనికి వెనక? కాబట్టి హింటర్ అని వినబడినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోండి: చూసేవాళ్ళు ఎక్కడ నిలబడ్డారు?

ఈ ప్రశ్నతో ఓడరేవు దగ్గరికి వెళ్దాం. హింటర్‌ల్యాండ్‌కు అసలైన, పాత ఇల్లు అదే. రేవును ఒక ఇల్లు అనుకోండి. వీధి గుమ్మం సముద్రం వైపు ఉంటుంది. వెనక పెరడు ఉంటుంది. రేవు నుంచి ఎగుమతయ్యే సరుకు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో, రేవులో దిగిన సరుకు ఎంతవరకు వెళ్తుందో, ఆ నేలంతా ఆ రేవుకు పెరడు. భూగోళ శాస్త్రంలో హింటర్‌ల్యాండ్ అంటే ఇదే.

ఈ పెరటికి దేశాల సరిహద్దులతో పనిలేదు. నదులు, రైళ్ళు, రోడ్లు ఎటు తీసుకెళ్తే అటు సాగుతుంది. మ్యాప్ చూడండి. రోటర్‌డామ్ నెదర్లాండ్స్‌లో ఉంది. కానీ రైన్ నది మీదుగా దాని హింటర్‌ల్యాండ్ జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతం దాకా, ఇంకా పైకి కూడా వెళ్తుంది. హాంబుర్గ్ కథ ఇంకా బాగుంటుంది. ఎల్బే నది చెక్ భూభాగం నుంచే హాంబుర్గ్‌కు వస్తుంది. ఆ భూభాగం అప్పట్లో చెకోస్లొవేకియా అనే దేశంలో ఉండేది, దానికి సముద్రతీరం లేదు. అందుకే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో కుదిరిన 1919 వెర్సాయ్ ఒప్పందంలో, హాంబుర్గ్ రేవులో కొంత చోటును ఆ దేశానికి 99 ఏళ్ళ లీజుకు ఇవ్వాలని రాశారు. పెరట్లో ఉన్నవాళ్ళకు వీధి గుమ్మం దగ్గర కాస్త చోటు దొరికిందన్నమాట!

ఇంగ్లీషులో ఈ మాట 1880ల చివర్లో కనబడటం మొదలైంది. జార్జ్ చిషోమ్ అనే స్కాటిష్ భూగోళ శాస్త్రవేత్త దీన్ని వాడిన తొలివారిలో ఒకరు. ఆ సంవత్సరాలను గుర్తుపెట్టుకోండి. 1884-85లో బెర్లిన్‌లో యూరప్ రాజ్యాలు ఆఫ్రికా గురించి సమావేశం జరిపాయి. ఆ బల్ల దగ్గర ఆఫ్రికా పాలకులకు చోటు లేదు. జర్మనీ అప్పుడే టోగో, కామెరూన్ తీరాలను తన రక్షణలోకి తీసుకున్నానని ప్రకటించుకుంది. అప్పటి వాదన ఏమిటంటే, తీరం ఎవరి చేతిలో ఉందో, దాని వెనకనున్న నేల మీద కూడా హక్కు వాళ్ళదేనని. దీన్నే హింటర్‌ల్యాండ్ సిద్ధాంతం అన్నారు. ఆ 'వెనక'లో రాజ్యాలున్నాయి, సంతలున్నాయి, తరతరాల వర్తక మార్గాలున్నాయి. ఓడ మీద నుంచి చూసినవాళ్ళు పెట్టిన పేరు అక్కడి మనుషులందరినీ వెనక్కి నెట్టేసింది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత తర్వాత అర్థం సాగింది. తీరానికి, నగరానికి దూరంగా లోపల ఉన్న చోటు అన్న భావం బలపడి, చివరికి 'మారుమూల'గా స్థిరపడింది. అయినా అన్నిచోట్లా కాదు. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ హింటర్‌ల్యాండ్ అంటే బీచ్‌ల వెనకనున్న పచ్చని కొండలు. దూరపు ఎండు నేలలకు అక్కడ అవుట్‌బ్యాక్ అనే వేరే మాట ఉంది.

మనుషులకు కూడా ఈ మాట వాడతారు. బ్రిటిష్ నాయకుడు డెనిస్ హీలీ వల్ల ఈ వాడుక బాగా పేరుకెక్కింది. రాజకీయ నాయకుడికి రాజకీయాలు కాక సంగీతం, సాహిత్యం లాంటి వేరే లోకం ఒకటి ఉండాలని, అదే అతని హింటర్‌ల్యాండ్ అని ఆయన భావన.

ఇప్పుడు మీ వంతు. మూడు వాక్యాలు ఇస్తాను, వీడియో ఆపి తెలుగులో చెప్పి చూడండి. ఒకటి: ఈ రేవుకు హింటర్‌ల్యాండ్ పెద్దది. రెండు: వైద్యులు హింటర్‌ల్యాండ్‌కు వెళ్ళడానికి ఇష్టపడటం లేదు. మూడు: ఆమెకు ఉద్యోగం కాక పెద్ద హింటర్‌ల్యాండ్ ఉంది.

చెప్పారా? మొదటిదానికి 'ఈ రేవు మీద ఆధారపడిన లోపలి ప్రాంతం పెద్దది' అంటే చాలు. రెండోదానికి 'మారుమూల ప్రాంతాలు' సరిగ్గా సరిపోతుంది. మూడోదానికి నేనైతే 'ఉద్యోగం వెనక ఆమెకు ఇంకో పెద్ద లోకం ఉంది' అని రాస్తాను. మీకు ఇంతకంటే మంచి తెలుగు తోస్తే కింద రాయండి, తప్పకుండా చదువుతాను.