పుండు మానింది, జబ్బు మానలేదు

(పెన్నా ఇసుకలో, చెలమ పక్కన కూర్చొని)

నమస్కారం. నెల్లూరు జిల్లాలో పెన్నా ఇది, నడివేసవి. పైన ఒట్టి ఇసుక. మోచేతి లోతు తవ్వాను, చూడండి, అడుగున నీరు ఊరుతోంది. లైంగిక కలయిక వల్ల అంటుకునే సిఫిలిస్ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు.

"వేడి చేసి పుండు పడింది, సబ్జా నీళ్ళు తాగితే తగ్గిపోయింది" అన్న మాట విన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. పెద్దవాళ్ళు సవాయి అన్న జబ్బు ఇదే. క్రిమి సోకిన మూడు వారాలకు అటూ ఇటూగా, ఎక్కువగా మర్మాంగాల దగ్గర, పుండు లేస్తుంది. అంచు గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే మోసం. స్త్రీలకు లోపల వస్తే కంటికే కనబడదు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానుతుంది. పేరు మాత్రం సబ్జాకు దక్కుతుంది!

నీరు ఎండిపోలేదు, ఇసుక కిందికి దిగింది.

కొన్ని వారాలకు ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చు, అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా. సాధారణంగా దురద ఉండదు. ఒక్క వానకు పాయ పారి మళ్ళీ ఇంకినట్టు అవీ పోతాయి. ఆపైన ఏళ్ళ తరబడి నిశ్శబ్దం. వైద్యం లేకపోతే కొందరిలో 10 నుంచి 30 ఏళ్ళ తర్వాత గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, మెదడు దెబ్బతింటాయి. చూపుకు, వినికిడికి ఏ దశలోనైనా ముప్పే.

మరి చెలమ తవ్వడం ఎలా? రక్తపరీక్ష. గర్భిణులకు రాసే వీడీఆర్ఎల్ అదే. "మా కోడలిని అనుమానిస్తారా?" అని చీటీ వెనక్కి తోసిన అత్తగారిని నేను చూశాను. అమ్మా, అది అనుమానం కాదు, గర్భిణులందరికీ చేసేదే. వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు.

సమయం అయిపోతోంది, వైద్యం త్వరగా చెబుతాను. తొలి దశల్లో బెంజథిన్ పెనిసిలిన్ సూది, 24 లక్షల యూనిట్లు, ఒక్కసారి. ఆలస్యమైతే వారానికొకటి చొప్పున మూడు. క్రిమి చస్తుంది కానీ అప్పటికే జరిగిన నష్టం తిరిగిరాదు. పెనిసిలిన్ పడనివారు ముందే చెప్పాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడ పరీక్ష, మందు ఉచితం. జంటలో ఒకరే సూది వేయించుకుంటే రెండోవారి నుంచి మళ్ళీ అంటుకుంటుంది, ఇద్దరూ వెళ్ళండి.