మన ఎండల్లో మాస్డెవాలియా బతుకుతుందా? కూలింగ్ ఆర్కిడ్ బాక్స్ రివ్యూ

హాయ్ అండి, అందరూ బాగున్నారా? చలి కావాల్సిన ఆర్కిడ్స్‌ని లోపల చల్లగా ఉంచి పెంచుకునే కూలింగ్ బాక్స్ రివ్యూ ఎప్పుడు అని అడుగుతూనే ఉన్నారు కదా, ఇదిగో. ముందే చెప్పేస్తున్నా, ఇది కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపిన పీస్, డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో అప్‌లోడ్ చేసే ముందు వాళ్లకి చూపించలేదు. సైజు ఎంత, ఎన్ని వాట్స్, లైట్ ఏంటి అన్నీ వేరే వీడియోల్లో చూసేసుంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను మాట్లాడేది రాత్రి గురించి.

ఎందుకంటే చల్లదనం కావాల్సిన ఆర్కిడ్స్ మన ఇళ్లల్లో పోయేది పగటి ఎండకి కాదండి, రాత్రి ఉక్కకి. పగలంతా ఆకు తయారు చేసుకున్న తిండిలో కొంత రాత్రి ఊపిరికి ఖర్చవుతుంది, రాత్రి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఖర్చవుతుంది. హైదరాబాద్‌లో మే నెల రాత్రి 27, 28 డిగ్రీలు ఉంటే మొక్క సంపాదించిందంతా తెల్లారేసరికి ఊడ్చుకుపోతుంది, ఇక కొత్త ఆకు ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి. నేను ఇందులో పెట్టిన మాస్డెవాలియా, చల్లటి కొండల్లో పెరిగే చిన్న ఆర్కిడ్, దానికి ఇంకో ఇబ్బంది, నీళ్లూ తిండీ దాచుకునే దుంపల్లాంటి బల్బులు లేవు, ఆకు కింద సన్నటి కాడ, దాని కింద సన్నటి వేర్లు, అంతే. పెరూలో మచు పిచ్చు చుట్టూ కొండరాళ్ల మీద నారింజ రంగులో పూస్తుందే, మాస్డెవాలియా వీచియానా, ఆ చోటు సుమారు 2,400 మీటర్ల ఎత్తు. అక్కడ పగలు ఎండ కాసినా రాత్రికి చలి దిగుతుంది. అలాంటి మొక్కని తెచ్చి కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పెడుతున్నాం మనం.

ఈ బాక్స్‌లో నాకు పిచ్చిగా నచ్చింది అదే, పగలుకి ఒక టెంపరేచర్, రాత్రికి ఇంకోటి విడిగా పెట్టుకోవచ్చు, పైగా సాయంత్రం నుంచి మెల్లమెల్లగా దించుతుంది, ఠక్కున పడేయదు. నేను పగలు 22, రాత్రి 14 పెట్టాను. వచ్చినప్పుడు పాత ఆకులు తప్ప ఏమీ లేని మొక్క, ఇప్పుడు ఇటు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా, మొదట్లో నాచు పక్కన లేత ఆకుపచ్చ మొన కనిపిస్తోందా, అది కొత్త చిగురు, దాని పక్కన ఇంకోటి కూడా ఉంది. మే నెలలో, హైదరాబాద్‌లో, మాస్డెవాలియా చిగురు! నిజంగా నాకు మాటలు రావట్లేదు.

ఇప్పుడు కోపం వచ్చిన విషయం. డిస్‌ప్లే మీద 14 అని చూపిస్తుంది కదా, నా దగ్గరున్న వైరు థర్మామీటర్ ఆకు పక్కన పెట్టి చూస్తే 17. ఎందుకా అని వెనక ప్యానెల్ విప్పితే సెన్సార్‌ని తీసుకెళ్లి బాక్స్‌ని చల్లబరిచే ప్లేట్‌కే ఆనించి పెట్టారు, అది మొక్క దగ్గర చల్లదనం చెప్తుందా, ప్లేట్ చల్లదనం చెప్తుందా? ఇంత ఖరీదు పెట్టిన వాళ్లకి ఇలా చూపించడం అన్యాయం అండి. ఇంకోటి, అదే ప్లేట్ మీద తేమ చేరి బొట్టుబొట్టుగా కింద పడుతుంది, సరిగ్గా ఆ కింద కుండీ పెడితే ఆకుల మొదట్లో నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది. ఆ మూల ఖాళీగా వదిలేయండి, లేదా ప్లేట్ కింద చిన్న రేకు ఏటవాలుగా పెట్టి నీళ్లు పక్కకి పోయేలా చేయండి. లోపలి ఫ్యాన్ మాత్రం ఎప్పుడూ ఆపొద్దు, గాలి ఆడకపోతే చల్లదనం ఉన్నా మచ్చలు వస్తాయి.

అసలు సంగతి ఇది. ఇందులో కంప్రెసర్ లేదు, పెల్టియర్ పలక ఉంటుంది, కరెంట్ ఇస్తే ఒక వైపు చల్లబడుతుంది, రెండో వైపు వేడెక్కుతుంది, ఆ వేడిని వెనక ఫ్యాన్ మీ గదిలోకే తోస్తుంది. అంటే ఇది గది కన్నా ఓ పది డిగ్రీలు దించగలదు, అంతకుమించి లేదు. బెడ్‌రూమ్‌లో ఏసీ 24 మీద ఉంటే డిస్‌ప్లే 14కి దిగింది, అదే హాల్లో 33 ఉన్నప్పుడు 23 దగ్గర ఆగిపోయింది. ఈ మాట బాక్స్ మీద ఎక్కడా రాయలేదు. గోడకి ఆనించి పెట్టకండి, వెనక జానెడు ఖాళీ ఉండాలి.

దీనికి ముందు నేను బాల్కనీలో ఎయిర్ కూలర్‌తోనే నెట్టుకొచ్చాను, వట్టివేళ్ల తడికలు కట్టి, సాయంత్రం నీళ్లు చల్లి. ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగానే చల్లబడేది, కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే అది. జూలై వచ్చి గాలిలో తేమ పెరిగిందా, కూలర్ ఉన్నా లేనట్టే. అప్పట్లో డార్జిలింగ్ వైపు కాలింపాంగ్ నుంచి తెప్పించిన సింబిడియం అనే ఇంకో ఆర్కిడ్ కూడా ఉండేది, ఆకులు గడ్డిలా ఏపుగా పెరిగేవి, పువ్వు మాత్రం రాలేదు. దానికి పూలకాడ రావాలంటే వర్షాలు తగ్గేటప్పటి నుంచి రాత్రుళ్లు 10, 14 మధ్యకి దిగాలి, ఇక్కడ అక్టోబర్‌లో కూడా 20 దగ్గరే ఉంటుంది. అది ఈ బాక్స్‌లో పట్టదు, చాలా పెద్ద మొక్క, కాబట్టి సింబిడియం కోసం ఇది కొనకండి.

నీళ్ల గురించి ఒక్క మాట, బోరు నీళ్లు పోస్తే ఆకు కొసలు నల్లబడతాయి. వాన నీళ్లు పట్టుకోండి, లేదంటే ఆర్‌ఓ నీళ్లు.

నేనైతే ఇది వెనక్కి పంపమన్నా పంపను, ఆ చిగురు చూశాక అసలు పంపను. రాత్రి ఏసీ ఎలాగూ వేసుకునే ఇల్లయితే, చిన్న మొక్కలు పెంచుతానంటే, కొనండి, సెన్సార్‌ని మాత్రం ఆకుల దగ్గరికి లాగి పెట్టుకోండి, వైరు సరిపోతుంది. ఏసీ లేకపోతే వద్దు, డబ్బులు వృథా.

మాకు కూలర్ సరిపోతుందా అని విశాఖ నుంచి అడిగిన అక్కా, మీ దగ్గర ఉక్కకి కూలర్ అసలు పనిచేయదు, ఏసీ గది లేకపోతే రింకోస్టైలిస్ రెటుసా అనే ఆర్కిడ్ పెట్టుకోండి, మన తూర్పు కనుమల్లో చెట్ల మీద పెరిగేదే, వేసవిలో నక్కతోకలా పూలగుత్తి వేలాడుతుంది. అడవిలోంచి పీకినవి కొనకండి, నర్సరీలో పెంచినవే అడిగి తీసుకోండి. చింతపల్లి, లంబసింగి వైపు ఉన్నవాళ్లు చలికాలం కోసం ఈ బాక్స్ కొనే పనే లేదు, సింబిడియం మీరే పెట్టి చూడండి, పూస్తే ఫొటో పంపండి.